రెండు టవర్ క్రేన్లు, 8 మీటర్ల తవ్వకం, 300 మంది: ఏ డిజిటల్ పరికరం ముందు పెట్టాలి?

#1 సేఫ్టీ_డెస్క్

అందరికీ నమస్కారం. 16 అంతస్తులు, రెండు సెల్లార్లు, తవ్వకం లోతు 8 మీటర్లు, టవర్ క్రేన్లు రెండు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు సైటులో 300 మంది దాకా ఉంటారు. భద్రత కోసం కొనాల్సినవంటూ ఒక జాబితా టేబుల్ మీదికొచ్చింది: ఏఐ కెమెరాలు, స్మార్ట్ హెల్మెట్లు, యంత్రం దగ్గరికి మనిషి వస్తే అరిచే ట్యాగులు, క్రేన్లు ఒకదాన్నొకటి ఢీకొనకుండా చూసే యాంటీ కొలిజన్, కాంక్రీటులో పెట్టే సెన్సార్లు, గ్యాస్ డిటెక్టర్లు, ఫోన్‌లో పర్మిట్లు (పని అనుమతులు). బ్రోషర్లు చూస్తే అన్నీ ప్రాణదాతలే. అన్నీ ఒకేసారి కుదరవు. ఏది ముందు, ఏది ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు? లెక్కలతో చెప్పండి. నినాదాలు వద్దండీ, గోడల నిండా అవే ఉన్నాయి.

#2 రసమట్టం

జాబితాలో ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడగండి: ఇది మోగినప్పుడు ఏం ఆగుతుంది? యంత్రం దానంతటదే ఆగితే అది ఇంజనీరింగ్ రక్షణ. మనిషి విని, చూసి, ఆపాలంటే అది హెచ్చరిక బోర్డుకు అన్న వరస. అలాంటి దానికి ఇంకో మూడు జవాబులు కావాలి: ఎవరు వింటారు, ఎన్ని సెకన్లలో, పని ఆపే అధికారం వాళ్లకుందా? జవాబు ‘డ్యాష్‌బోర్డులో కనిపిస్తుంది’ అయితే ఆ వస్తువును జాబితా అడుక్కి తోసెయ్యండి.

#3 లోడ్‌చార్ట్

రసమట్టం గారి లెక్కన చూసినా యాంటీ కొలిజనే ముందు. క్రేన్లు ఒకదాని పరిధిలోకి ఇంకొకటి వస్తుంటే మరీను. అది అరిచి ఊరుకోదు. జిబ్ (క్రేన్ అడ్డచేయి) తిరగడాన్ని, దాని మీద కొక్కేన్ని మోసే ట్రాలీ కదలికను ముందు నెమ్మదిస్తుంది, తర్వాత ఆపుతుంది. ఒక్కో క్రేన్‌కు కావలసినవి: జిబ్ ఏ కోణంలో ఉందో చెప్పే ఎన్‌కోడర్, ట్రాలీ దూరానికి ఒకటి, హుక్ ఎత్తుకు ఒకటి, గాలి వేగం మీటరు, క్రేన్ల మధ్య రేడియో లింకు, క్యాబిన్‌లో తెర.

చెడిపోయేది ఎక్కువగా హార్డ్‌వేర్ కాదు. మాస్టుల (క్రేన్ నిలువు స్తంభాల) కోఆర్డినేట్లు డ్రాయింగు చూసి ఎక్కించేస్తారు. క్రేన్ నిలబెట్టాక టోటల్ స్టేషన్‌తో (కోణం, దూరం కొలిచే సర్వే పరికరం) కొలిచినవే ఎక్కించాలి. క్రేన్ క్లైంబ్ చేసిన (మాస్టు పెంచి పైకి లేపిన) ప్రతిసారీ కొత్త ఎత్తు ఇవ్వాలి. ఇవ్వకపోతే, పైకి వెళ్లిపోయిన జిబ్ ఇంకా కిందే ఉందనుకుని సిస్టమ్ ఊరికే ఆపుతూ ఉంటుంది. ఆపరేటర్ విసిగిపోయి బైపాస్ తాళం తిప్పేస్తాడు. ఆ తాళం క్యాబిన్‌లో ఉండకూడదు. తిప్పినప్పుడల్లా లాగ్‌లో సమయం పడాలి, ఆ లాగ్ రోజూ ఎవరో ఒకరు చదవాలి.

ఇంకోటి. పని ముగిశాక స్లూయింగ్ బ్రేకు (జిబ్ తిరగకుండా పట్టేది) వదిలి, జిబ్‌ను గాలివాటానికి తిరగనివ్వాలి. అప్పుడు దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపదు. అందుకే జిబ్‌ల ఎత్తుల తేడా, ఒక జిబ్ కొసకూ రెండో క్రేన్ మాస్టుకూ మధ్య ఎడం లేఅవుట్‌లోనే చూసుకోవాలి. సాధారణంగా కనీసం 2 మీటర్లు వదులుతారు. సెన్సార్లున్నాయి కదా అని ఈ ఎడం తగ్గించే ప్రతిపాదన వస్తే అక్కడే కొట్టేయండి.

#4 సేఫ్టీ_డెస్క్

గాలి సంగతి? చాలా టవర్ క్రేన్ మాన్యువల్స్‌లో 72 కి.మీ. వేగం రాసి ఉంటుంది. అలారం అక్కడే పెట్టాలా?

#5 లోడ్‌చార్ట్

గంటకు 72 కి.మీ. అంటే సెకనుకు 20 మీటర్లు. అది క్రేన్ తట్టుకునే హద్దు. కొక్కేనికి వేలాడే సరుకు హద్దు వేరు.

3×6 మీటర్ల షట్టరింగ్ ప్యానెల్ తీసుకోండి. వైశాల్యం 18 చ.మీ., బరువు 900 కిలోలనుకుందాం. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలిలో చ.మీ.కు 61 న్యూటన్లు, అంటే ప్యానెల్ మీద పక్కకు దాదాపు 112 కిలోల తోపు. 14 మీటర్ల గాలిలో అది 220 కిలోలు. 30 మీటర్ల తాడుకు వేలాడుతుంటే మొదటి సందర్భంలో ప్యానెల్ నిలువు గీత నుంచి సుమారు 3.7 మీటర్లు పక్కకు పోతుంది, రెండో సందర్భంలో 7 మీటర్లు. ఆకార గుణకం కలపకుండానే ఇంత. పైగా ఊగితే ఇంకా ఎక్కువ. కింద ట్యాగ్ లైన్ (సరుకు తిరక్కుండా పట్టే తాడు) పట్టుకున్న మనిషి గతేమిటో మీరే ఊహించుకోండి.

కాబట్టి అలారాలు మూడు పెట్టండి. ప్యానెల్స్, రేకుల్లాంటి వెడల్పు సరుకుకు ఒక హద్దు, దాన్ని లిఫ్టింగ్ ప్లాన్ రాసే ఇంజనీరు నిర్ణయించాలి. ఇనుము కట్టలు, బకెట్ లాంటి వాటికి ఇంకొకటి. క్రేన్ మొత్తంగా ఆపేయడానికి మాన్యువల్ హద్దు. మూడూ 3 సెకన్ల విసురు మీదే పెట్టాలి. పది నిమిషాల సగటు మీద పెట్టారంటే విసురు వచ్చి, పని చేసేసి, వెళ్లిపోయాక మోగుతుంది. మీటరు జిబ్ స్థాయికి పైన, ఏ అడ్డూ లేనిచోట ఉండాలి. సైటు ఆఫీసు కప్పు మీద పెట్టిన గాలి మీటరుతో క్రేన్‌కు ఉపయోగం లేదు.

#6 గుంతలెక్క

తవ్వకం గురించి చెబుతాను. 8 మీటర్ల లోతుకు సపోర్టు గోడ, స్ట్రట్లు (గోడల మధ్య అడ్డంగా బిగించే ఉక్కు దూలాలు) ఉంటాయి కాబట్టి వీటిని కొలవాలి: గోడ ఎంత వంగిందో ఇన్‌క్లినోమీటర్‌తో, స్ట్రట్ మీద పడే బరువు స్ట్రెయిన్ గేజ్‌తో, భూగర్భ నీటి ఒత్తిడి పీజోమీటర్‌తో, పక్క భవనాల కుంగుదల ప్రిజమ్‌లు పెట్టి ఆటోమేటిక్ టోటల్ స్టేషన్‌తో. రిఫరెన్స్ పాయింట్లు తవ్వకం ప్రభావం సోకని దూరంలో ఉండాలి. లోతుకు మూడు రెట్లు, అంటే 24 మీటర్లకు తగ్గకుండా చూసుకోండి. రిఫరెన్సే కుంగుతుంటే తెర మీద అంతా పచ్చగానే కనిపిస్తుంది.

స్ట్రట్ రీడింగుల్లో ఉష్ణోగ్రత మోసం చేస్తుంది. ఉక్కు డిగ్రీకి మీటరుకు 0.012 మి.మీ. సాగుతుంది. 20 డిగ్రీలు వేడెక్కి, రెండు కొసలూ కదలకుండా బిగుసుకుని ఉంటే పుట్టే ఒత్తిడి చ.మి.మీ.కు 48 న్యూటన్లు. అడ్డుకోత వైశాల్యం 200 చ.సెం.మీ. ఉన్న స్ట్రట్‌కు అది 960 కిలోన్యూటన్లు, దాదాపు 98 టన్నులు. నిజానికి గోడ కొంత జరుగుతుంది కాబట్టి అంత రాదు, కానీ మధ్యాహ్నం రీడింగు తెల్లవారుజాము దానికంటే బాగా ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి రోజూ మధ్యాహ్నం అలారం మోగితే నాలుగో రోజుకు ఎవరూ తలెత్తి చూడరు. ఉష్ణోగ్రత సెన్సారు ఉన్న గేజ్‌లే పెట్టండి. ఏ రోజుకారోజు పెరుగుదల పోల్చడానికి తెల్లవారుజాము రీడింగు వాడండి. అలాగని ఎండవేడికి పెరిగిన బరువును లెక్కలోంచి తీసెయ్యకండి. స్ట్రట్ దాన్ని కూడా మోయాలి.

హద్దులు మూడు మెట్లు. డిజైన్ విలువలో 60% దాటితే రీడింగులు తరచుగా, 80% దాటితే డిజైన్ ఇంజనీరు సైటుకు, 100% అయితే తవ్వకం ఆపి మనుషులు పైకి. ఈ శాతాలు డిజైనర్‌ను బట్టి మారతాయి. మారకూడనిది ఒకటే: ప్రతి మెట్టు పక్కనా చేయాల్సిన పని ముందే రాసి సంతకం పెట్టి ఉండాలి.

#7 కొత్త_బూట్లు

అన్ని సెన్సార్లు పెట్టాక ఇంకా కూలేదేముంటుంది సర్? ముందే తెలుస్తుంది కదా.

#8 గుంతలెక్క

తెలిసినా కూలినవి ఉన్నాయండీ. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. అక్కడ పరికరాలు లేక కాదు. గోడ వంపు హద్దులు దాటుతున్నట్టు రీడింగులు వస్తూనే ఉన్నాయి. బ్యాక్ అనాలిసిస్ (వచ్చిన రీడింగులకు సరిపోయేలా డిజైన్ లెక్క మళ్లీ వేయడం) చేసి హద్దులనే పైకి జరిపారు. స్ట్రట్‌కూ వేలర్ బీముకూ (గోడ వెంట పోయే దూలం) మధ్య జాయింటు బలహీనంగా ఉందన్న అసలు జబ్బు అలాగే మిగిలిపోయింది. అందుకే హద్దు మార్చాలంటే ఆ పని చేస్తున్న కంపెనీతో సంబంధం లేని డిజైన్ చెకర్ సంతకం తప్పనిసరి చేయండి. సాఫ్ట్‌వేర్‌లో కూడా హద్దు మార్చే పాస్‌వర్డ్ సైటు టీమ్ దగ్గర ఉండకూడదు.

#9 సెంట్రింగ్_జాకీ

కాంక్రీటు సెన్సార్లను చాలామంది షట్టరింగ్ ‘త్వరగా విప్పుకోవడానికి’ కొంటారు. భద్రత వైపు నుంచి చూస్తే వాటి పని ‘ఇంకా విప్పొద్దు’ అని చెప్పడం.

కాంక్రీటు ఎంత బలపడిందో అంచనా వేసే లెక్క సులువు. కాంక్రీటు సగటు ఉష్ణోగ్రతలోంచి ఆధార ఉష్ణోగ్రత (అంతకంటే చల్లబడితే కాంక్రీటు బలపడదని లెక్కించేది) తీసేసి, గంటలతో గుణించాలి. ఆధారం 0 డిగ్రీలనుకుంటే 30 డిగ్రీల దగ్గర 48 గంటలకు 1440 వస్తుంది. 15 డిగ్రీల దగ్గర అవే 48 గంటలకు 720, సరిగ్గా సగం. ‘రెండు రోజులైంది, పక్కలు విప్పెయ్’ అనే మాటలో ఎంత ప్రమాదముందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

పద్ధతి ఏఎస్‌టీఎం సీ1074 అనే అమెరికన్ ప్రమాణంలో ఉంది. మీ మిక్స్‌తోనే ల్యాబులో నమూనాలు పోసి, రెండింట్లో సెన్సార్లు పెట్టి, మిగతావి 1, 3, 7, 14, 28 రోజులకు పగలగొట్టి, బలానికీ ఆ సంఖ్యకూ గ్రాఫ్ గీయాలి. సిమెంటు మారినా, అడ్‌మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) మారినా, ఆ గ్రాఫ్ పనికిరాదు. ట్రక్కు దగ్గర ఎవరైనా నీళ్లు కలిపితే సెన్సారుకు తెలియదు. అది చూసేది ఉష్ణోగ్రతనే, నీటిని కాదు. అందుకే విప్పే ముందు క్యూబులతోనో, పుల్ అవుట్ పరీక్షతోనో (కాంక్రీటులో పాతిన ముక్కను లాగి బలం చూసేది) ఒకసారి సరిచూడాలి.

సెన్సారు ఎక్కడ పెట్టాలి: చివరగా పోసిన భాగంలో, గాలి తగిలే అంచు దగ్గర, పలచగా ఉన్నచోట. అంటే అన్నిటికంటే చల్లగా ఉండేచోట. స్లాబు మధ్యలో మందపు బీములో పెడితే అక్కడ వేడి నిలిచి బలం ఎక్కువ చూపిస్తుంది. రాడ్డుకు కట్టండి, కొన మాత్రం రాడ్డును తాకకుండా చూడండి. వైబ్రేటర్ నీడిల్ తగిలి వైరు తెగడం మామూలే, కాబట్టి ప్రతి పోతకూ రెండు తక్కువ కాకుండా పెట్టాలి.

1978 ఏప్రిల్ 27న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలండ్ దగ్గర కూలింగ్ టవర్ కడుతుండగా పరంజా కూలి 51 మంది పోయారు. ఆ పరంజా బరువంతా అంతకుముందు రోజు పోసిన కాంక్రీటు మీద ఉంది. చలికి అది చాలినంత బలపడలేదని దర్యాప్తు తేల్చింది.

#10 రసమట్టం

దీనికి ఒక్క ముక్క కలుపుతాను. కింది స్లాబుల రీ ప్రాపింగ్ (షట్టరింగ్ విప్పాక మళ్లీ జాకీలు పెట్టడం) కూడా లెక్కలోకి రావాలి. 200 మి.మీ. పచ్చి స్లాబు చ.మీ.కు 500 కిలోలు. అది జాకీల మీదుగా కింది అంతస్తుకు దిగుతుంది. పై స్లాబు సెన్సారు ‘సరే’ అన్నా, కింది స్లాబు ఇంకా రెండంతస్తుల బరువు మోస్తుంటే దాని కింద జాకీలు ముట్టుకోకూడదు.

#11 పిక్సెల్

కెమెరాల గురించి ఎవరూ ఎత్తలేదు, నేనే మొదలుపెడతాను. ముందు దూరం లెక్క. 1920 పిక్సెళ్ల వెడల్పు కెమెరాకు 90 డిగ్రీల లెన్స్ ఉంటే 20 మీటర్ల దూరంలో 40 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. మీటరుకు 48 పిక్సెళ్లు. 25 సెం.మీ. హెల్మెట్‌కు దక్కేది 12. అంత చిన్న మచ్చను చూసి హెల్మెట్టా, తలపాగా, జుట్టా అని మోడల్ చెప్పలేదు. కనీసం 30 పిక్సెళ్లు కావాలంటే మనిషి 8 మీటర్లలోపు ఉండాలి. 4కే కెమెరాతో 16 మీటర్లు. అందుకే ‘ఒక్క కెమెరా సైటంతా చూస్తుంది’ అనే మాట నమ్మకండి. గేటు, హాయిస్ట్ (సైటు లిఫ్ట్) ఎక్కేచోటు, మెట్ల మలుపులు, మనుషులు ఒక్కొక్కరుగా దాటే ఇలాంటి చోట్లే పని చేస్తుంది.

ఒక్క ఫ్రేమ్ చూసి అలారం ఇవ్వకూడదు. వరుసగా పది ఫ్రేముల్లో ఎనిమిదింట హెల్మెట్ లేకపోతేనే ఇవ్వాలి. ఒకే మనిషికి మళ్లీ మళ్లీ రాకుండా కొంత విరామం పెట్టాలి. ఎదురెండ, దుమ్ము, లెన్స్ మీద సిమెంటు తుంపర, ఈ మూడిటితోనే సగం తప్పుడు అలారాలు. వారానికి రెండుసార్లు లెన్స్ తుడిచే పని ఎవరిదో పేరు రాసిపెట్టండి.

#12 పాతమేస్త్రీ

కెమెరా బెల్టు చూస్తుంది. కొక్కెం తగిలించాడా లేదా అన్నది చూస్తుందా బాబూ? బెల్టు కట్టుకుని కొక్కెం నడుముకే వేలాడేసుకున్నవాడు తెర మీద పచ్చ డబ్బాలోనే ఉంటాడు. పడేది కూడా వాడే.

#13 పిక్సెల్

నిజమే. కొక్కెం, తాడు పిక్సెళ్లలో దొరకవు. కొక్కేనికే సెన్సారు పెట్టి, తగిలించకపోతే అరిచే రకాలు ఉన్నాయి, అయితే అవి ‘ఏదో ఒకదానికి తగిలించాడు’ అనే చెబుతాయి. జీఐ పైపుకు తగిలించాడో, యాంకర్‌కు తగిలించాడో చెప్పవు. కెమెరా అంతకంటే బాగా చేసే పని ఒకటుంది: వేలాడే సరుకు కింద గీసిన నిషిద్ధ ప్రాంతంలోకి మనిషి రావడం. అక్కడ మనిషి ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న కాబట్టి తప్పులు తక్కువ.

ఇంకో మాట. కెమెరా అలారాలతో జరిమానాలు, హాజరు కోతలు మొదలుపెడితే రెండో వారానికి కెమెరా కంటపడని దారులు పుట్టుకొస్తాయి. ముఖాలు మసకబార్చి, ఏ అంతస్తులో ఏ గంటలో ఎక్కువ వస్తున్నాయో చూడండి చాలు. ఒకేచోట పదేపదే వస్తే అక్కడ మనుషుల బుద్ధి కంటే పని పద్ధతిలో లోపం ఉండే అవకాశమే ఎక్కువ.

#14 రసమట్టం

పాతమేస్త్రీ గారు పడిపోవడం ఎత్తారు కాబట్టి: ఎత్తు నుంచి పడటమే ఈ రంగంలో ఎక్కువ ప్రాణాలు తీస్తుంది, సెన్సార్లు తక్కువ ఉపయోగపడేదీ అక్కడే. డిజిటల్‌లో దానికి పనికొచ్చేది డిజైన్ మోడల్, అంటే కంప్యూటర్‌లో ఉండే భవనం నమూనా. స్లాబుల్లో ఉన్న కన్నాలన్నీ, అంటే డక్టులు, లిఫ్ట్ గుంతలు, ప్లంబింగ్ కటౌట్లు, మోడల్‌లోంచి అంతస్తువారీగా జాబితా తీయండి. ప్రతిదానికీ నంబరు, కొలత, అది తెరుచుకునే తేదీ, మూత రకం. ఏడో అంతస్తు జాబితాలో 14 కన్నాలుంటే, షట్టరింగ్ విప్పిన రోజు సాయంత్రానికి 14 మూతల ఫోటోలు ఫోన్‌లో చేరాలి. 13 చేరితే ఆ అంతస్తును మిగతా పనులకు తెరవకూడదు. మూత బిగించి ఉండాలి, మీద ‘కన్నం’ అని రాసి ఉండాలి. ఊరికే పరిచిన ప్లైవుడ్ మూత కాదు, ఉచ్చు. ఎవరో షీటు పనికొస్తుందని ఎత్తుకుని, దాన్ని పట్టుకుని ఒకడుగు ముందుకేస్తాడు. ఆ అడుగు కన్నంలోనే.

చిన్న డక్టులైతే స్లాబు పోసేటప్పుడే వెల్డ్ మెష్ లోపలికి వదిలెయ్యండి. పైపులు వేసే రోజు కోసుకోవచ్చు. అప్పుడు ఫోటోల అవసరమే తగ్గుతుంది.

#15 రేడియో_బ్యాండ్

ట్యాగుల లెక్క ఇదీ. వెనక్కి వస్తున్న లోడర్ వేగం గంటకు 10 కి.మీ. అంటే సెకనుకు 2.8 మీటర్లు. సిస్టమ్ ఆలస్యం అర సెకను, ఆపరేటర్ తేరుకోవడానికి 1.5 సెకన్లు, ఈ రెండు సెకన్లలో యంత్రం 5.6 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు దూరం 2 మీటర్లు కలిపితే 7.6. కాబట్టి బయటి వలయం 8 మీటర్లకు తక్కువ పెడితే హెచ్చరిక గుద్దుకున్నాక వినిపిస్తుంది.

ఇప్పుడు టెక్నాలజీ. మామూలు జీపీఎస్ పొరపాటు 3 నుంచి 5 మీటర్లు, భవనం నీడలో ఇంకా ఎక్కువ. బ్లూటూత్ సిగ్నల్ బలాన్ని బట్టి దూరం అంచనా వేస్తుంది. మనిషి ట్యాగుకు వీపు తిప్పితే శరీరంలోని నీరే సిగ్నల్‌ను మింగేస్తుంది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ సిగ్నల్ ప్రయాణ కాలాన్ని కొలుస్తుంది కాబట్టి అడ్డు లేకపోతే 10 నుంచి 30 సెం.మీ. తేడాలో చెబుతుంది. అడ్డు ఉంటే మాత్రం జాగ్రత్త. రాడ్ల కట్టల వెనక ఉన్న మనిషి సిగ్నల్ ఎక్కడో తగిలి చుట్టు తిరిగి వస్తుంది, దూరం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తప్పు ఎప్పుడూ ప్రమాదం వైపే. ఇనుము యార్డు పక్కన యంత్రాలు తిరిగేచోట వలయం 8 నుంచి 11 మీటర్లకు పెంచి, అక్కడే నడిచి పరీక్షించండి.

ప్రొక్లెయిన్‌కు ఒకే గుండ్రని వలయం చాలదు. వెనక భాగం తిరిగే వైపు వేరుగా పెట్టాలి. లోపలి వలయంలోకి వస్తే స్లూయింగ్ ఆగేలా హైడ్రాలిక్‌కు కలపొచ్చు. హఠాత్తుగా ఆపితే బకెట్‌కు వేలాడుతున్న పైపు ఊగి ఇంకెవరికో తగులుతుంది. కాబట్టి మెల్లగా ఆగేలా, అదీ తయారీ కంపెనీ అనుమతితోనే పెట్టాలి.

సిగ్నల్‌మ్యాన్ ఎప్పుడూ యంత్రం దగ్గరే ఉంటాడు. అతని ట్యాగుకు వేరే పాత్ర ఇవ్వకపోతే బజర్ రోజంతా మోగుతుంది, ఆపరేటర్ దాని మీద టేపు అంటించేస్తాడు.

#16 కొత్త_బూట్లు

ట్యాగు ఛార్జింగ్ అయిపోతే?

#17 రేడియో_బ్యాండ్

ఛార్జింగ్ లేని ట్యాగు యంత్రానికి కనిపించదు, అంటే దాని దృష్టిలో అక్కడ మనిషే లేడు. అందుకే ట్యాగును ఇంటికి పంపకండి. గేటు దగ్గర ఛార్జింగ్ ర్యాకులు పెట్టండి. గేటు రీడర్‌లో బ్యాటరీ 30%కి తగ్గిన ట్యాగుతో లోపలికి పోనివ్వకండి. 300 మందికి 330 ట్యాగులు ఉంచుకోండి. ట్యాగు లేని సందర్శకుడికి, డెలివరీ డ్రైవర్‌కు కూడా యంత్రాల ప్రాంతంలో చోటు లేదు. అది సాధ్యం కాదంటారా, అయితే కంచె వేసి మనుషుల దారి, యంత్రాల దారి విడదీయండి. నన్నడిగితే ముందు చేయాల్సింది అదే.

#18 సంపు_మూత

సెల్లార్లున్నాయంటే సంపులు, నీటి ట్యాంకులు ఉంటాయి. గ్యాస్ డిటెక్టర్ జాబితాలో చివర ఉంది, నేను పైకి తెస్తాను. చిన్న పరికరం, ఉపయోగం పెద్దది.

నాలుగు వాయువుల రకం కొనండి. ఆక్సిజన్ 19.5%కి తగ్గినా, 23.5% దాటినా అలారం. మండే వాయువు కనిష్ఠ పేలుడు హద్దులో 10%. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10). కార్బన్ మోనాక్సైడ్ 35 పీపీఎం. మూత కొంచెం తెరిచి, గొట్టంతో పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, కిందికి దిగుతుంది. గొట్టం పొడవును బట్టి గాలి పరికరం దాకా రావడానికి టైము పడుతుంది, అది మాన్యువల్‌లో ఉంటుంది. ఆ టైము ఆగకుండా చూసిన అంకె బయటి గాలిదే.

కొత్త సంపులో గ్యాస్ ఎక్కడిది అంటారు. తడి చెక్క షట్టరింగ్ మూసిన ట్యాంకులో వారాల తరబడి ఉంటే, కుళ్లుతూ ఆక్సిజన్ తినేస్తుంది. వాసన ఉండదు. విప్పడానికి దిగినవాడు పడిపోతాడు. తీయడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా. పర్మిట్‌లో ట్రైపాడ్, వించ్, పైనుంచే లాగే తాడు లేకపోతే మూత తెరవనివ్వకండి.

పరికరంలో రెండు చిక్కులు. మండే వాయువు చూసే పూస సెన్సారు సిలికోన్ సీలెంట్ ఆవిరికి చచ్చిపోతుంది, చచ్చాక 0 చూపిస్తుంది. మనం 0 చూసి సంతోషిస్తాం. పైగా ఆక్సిజన్ బాగా తగ్గినచోట ఆ పూస సరిగ్గా మండదు, అంకె తక్కువ వస్తుంది. అందుకే ముందు ఆక్సిజన్ అంకె చదవాలి. రోజూ వాడే ముందు టెస్ట్ గ్యాస్ చూపించి బంప్ టెస్టు చెయ్యాలి. చేయని రోజు ఆ సీరియల్ నంబరుతో పర్మిట్ తెరుచుకోకుండా యాప్‌లో తాళం వెయ్యొచ్చు.

#19 పాతమేస్త్రీ

యాప్ పర్మిట్లంటే నాకు నవ్వొస్తుంది. కాగితం మీద టిక్కులు కొట్టినవాళ్లే ఫోన్‌లో టిక్కులు కొడతారు.

#20 సేఫ్టీ_డెస్క్

అదే నా అనుమానం కూడా పాతమేస్త్రీ గారూ. దానికి మందేమైనా ఉందా?

#21 రసమట్టం

ఉంది, రెండు. ఒకటి, ప్రతి జవాబు పక్కనా సమయం పడుతుంది కదా, అది చూడండి. పరంజా తనిఖీలో 40 ప్రశ్నలు రెండు నిమిషాల్లో నిండితే ఆ మనిషి పరంజా ఎక్కలేదు. కాగితం మీద ఇది పట్టుకోలేం. రెండోది, 40 ప్రశ్నల్ని 10కి తగ్గించి, వాటిలో నాలుగింటికి ఫోటో అడగండి: బేస్ ప్లేటు, గోడకు కట్టిన టై, నడిచే పలకల చివర కట్టు, నిచ్చెన పైభాగం. పరంజాకు అంటించే క్యూఆర్ కార్డును తనిఖీ చేసేవాడు అక్కడే స్కాన్ చెయ్యాలి. కార్డు ఫోటో ఆఫీసులో పెట్టుకుని స్కాన్ చేసే తెలివి కూడా ఉంటుంది, కాబట్టి వారం వారం కార్డు మార్చండి.

కాగితం అసలు చేయలేనిది, యాప్ చేయగలిగేది ఇంకోటుంది: పర్మిట్ల ఢీ. ఐదో అంతస్తులో వెల్డింగ్ పర్మిట్, నాలుగో అంతస్తులో అదే షాఫ్ట్ పక్కన ద్రావకం కలిపిన వాటర్‌ప్రూఫింగ్ పర్మిట్, రెండూ 11 గంటలకే. రెండు పుస్తకాల్లో ఉంటే ఎవరికీ కనిపించవు. చోటు, సమయం అనే రెండు గడులు జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టారా, సొంతంగా టైపు చేసేలా పెట్టారా అన్నది చూడండి. టైపు చేస్తే ఒకరు ‘షాఫ్ట్ 2’ అంటారు, ఇంకొకరు ‘లిఫ్ట్ పక్కన’ అంటారు. యాప్‌కు అవి రెండు వేర్వేరు చోట్లు.

#22 ఎండకొలత

స్మార్ట్ హెల్మెట్ మీద క్లుప్తంగా. మామూలు హెల్మెట్‌కు రంధ్రం చేసి, జిగురు పెట్టి సెన్సారు బిగించేవి వద్దు. పెంకు బలం దెబ్బతింటుంది, ఈఎన్ 397 (హెల్మెట్ల యూరప్ ప్రమాణం) లాంటి ధ్రువీకరణ ఆ మార్పుతో చెల్లదు. తయారీలోనే సెన్సారుతో పరీక్షించి వచ్చినవే తీసుకోవాలి. ఒంటరిగా పనిచేసేవారికి, పడిపోయి కదలకపోతే చెప్పే సౌకర్యం మంచిదే. బెల్టుకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి, కాబట్టి అలారం వెళ్లాల్సింది రెస్క్యూ టీముకు. మెయిలుకు కాదు.

ఎండ విషయంలో మాత్రం ఒంటికి పెట్టే సెన్సారు కంటే సైటులో ఒక డబ్ల్యూబీజీటీ మీటరు (ఎండ, తేమ, గాలి వేడి కలిపి ఒకే అంకెగా చెప్పేది) మేలు. ఆరుబయట లెక్క: సహజ తడి బల్బు 0.7 వంతు, నల్ల గోళం 0.2 వంతు, పొడి గాలి 0.1 వంతు. 28, 45, 36 డిగ్రీలైతే 19.6, 9, 3.6 కలిపి 32.2. ఐఎస్ఓ 7243 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎండకు అలవాటుపడినవారికి మధ్యస్థ పనికి హద్దు 28, బరువు పనికి 26. వాతావరణ యాప్ 36 అంటుంది, అందులో ఎండ వేడీ తేమా లేవు. గేటు రికార్డులో చేరిన తేదీ ఉంటుంది కదా, కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రోజు ఎండలో 20% పనే, తర్వాత రోజుకు 20% చొప్పున పెంచుతూ పని కేటాయించేలా దాన్ని వాడుకోండి.

#23 రేడియో_బ్యాండ్

గేటు అన్నారు కాబట్టి: వేలిముద్రలు పెట్టకండి. సిమెంటు, ఇటుకలతో పనిచేసే చేతుల గీతలు అరిగిపోయి ఉంటాయి, యంత్రం గుర్తుపట్టదు, వరస ఆగిపోతుంది, చివరికి సెక్యూరిటీ గేటు తెరిచేస్తాడు. కార్డుతో తిరిగే గేటు చాలు. బయటికి వెళ్లేటప్పుడూ లెక్కించాలి. లేకపోతే మంటలు లేచినప్పుడు తెర మీద 287 మంది లోపల ఉన్నట్టు కనిపిస్తుంది, అసలెంతమందో తెలియదు.

సెల్లార్లలో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఏ అలారమైనా ఇంటర్నెట్ లేకుండా అక్కడికక్కడ మోగాలి. సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చి మోగేది ఏదీ కొనకండి. డెమోలో రౌటర్ ప్లగ్గు పీకి చూపించమనండి.

#24 సేఫ్టీ_డెస్క్

అందరికీ ధన్యవాదాలు. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాం. తవ్వకం మొదలయ్యే ముందు పీజోమీటర్లు, ఇన్‌క్లినోమీటర్లు, గ్యాస్ డిటెక్టర్లు. క్రేన్లతో పాటే యాంటీ కొలిజన్. స్లాబులకు కాంక్రీటు సెన్సార్లు, కన్నాల జాబితా. కెమెరాలు గేటు, హాయిస్ట్ దగ్గరే. హెల్మెట్లు ఆపేశాం. ట్యాగుల కంటే ముందు కంచె. రాత్రిపూట అలారాలు డ్యూటీ ఇంజనీరు ఫోన్‌కు వెళ్తాయి.

#25 గుంతలెక్క

చివరి వాక్యం మార్చండి. రాత్రి తవ్వకంలో ముందు చెడేది నీళ్లు తోడే పంపు. కరెంటు పోతుంది, పంపు ఆగుతుంది, అదే కరెంటు మీద నడిచే రౌటరూ ఆగుతుంది, ఫోన్‌కు ఏమీ రాదు. పంపు వైరుకు కరెంటు సెన్సారు పెట్టి, బ్యాటరీ ఉన్న సిమ్ డయలర్‌కు కలపండి. అది మెసేజ్ కాదు, కాల్ చెయ్యాలి. ఎత్తకపోతే మూడు నిమిషాల్లో రెండో నంబరుకు వెళ్లాలి. సంపులో ఫ్లోట్ స్విచ్ వేరుగా ఉండాలి, ఎందుకంటే పంపు తిరుగుతూనే పైపు ఊడిపోతే కరెంటు సెన్సారుకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నెలకోసారి రాత్రి రెండు గంటలకు మెయిన్ దింపి, జనరేటర్ ఎన్ని నిమిషాలకు అందుకుందో, కాల్ ఎవరెత్తారో రాసుకోండి.